నాగన్న స్పాంజి తుపాకి

అరవై దాటినాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోయి ఉంటే మన్నించండి. ఒక్కో పేజీకి రెండు రోజులు పట్టింది. మీరు రెండు నిమిషాల్లో చదివేసినా నాకు కోపం లేదు.

హోసూరులో ఒక బండ్ల కంపెనీలో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసి నాగన్న రిటైరయ్యాడు. భార్య కాంతమ్మ హాస్టల్లో వంటకు పోతుంది. పొద్దున ఆరుకు ఆమె వెళ్లిందంటే, సాయంత్రం దాకా ఇంట్లో సద్దు చేసేది కారే కొళాయి ఒక్కటే. దాన్ని బాగుచేయడం ఆయనకు చిటికెలో పని. చేస్తే ఆ సద్దూ ఉండదని వదిలేశాడు.

ఎదురింటి జయరామప్పదీ అదే కంపెనీ. వీడ్కోలు సభలో మైకు పట్టుకుని, "నాగన్న చెయ్యి బంగారం, నోరు గ్రీజులేని బేరింగు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజే నాగన్న ఆయనతో మాటలు మానేశాడు. రెండేళ్లయింది. జయరామప్ప భార్య కూతురి కాన్పుకని కృష్ణగిరి పోయి, అక్కడే ఉండిపోయింది. అటు వరండాలో ఒకాయన, ఇటు వరండాలో ఒకాయన, మధ్యన ఇరవై అడుగుల వీధి.

పైవాటా వాళ్లు ఖాళీ చేస్తూ స్పాంజి తూటాల బొమ్మ తుపాకి ఒకటి పారేసి పోయారు. నాగన్న కాల్చి చూశాడు. తూటా గడప దాటలేదు. అప్పుడొచ్చింది ఆలోచన. ఇది ఎదురు వరండాలో పడితే, జయరామప్ప తిట్టడానికైనా వీధి దాటి వస్తాడు! తానే పోతే పరువేం కావాలి?

మరలు విప్పాడు. మెత్తటి స్ప్రింగు తీసి గట్టిది వేశాడు. గాలిని తోసే కడ్డీ చుట్టూ సందు ఉంటే, రబ్బరు ముక్క కోసి బిగించాడు.

"ఏమప్పా, కుక్కరు కూత పెట్టలే?" అంది కాంతమ్మ ఆ సాయంత్రం.

"దానికీ రిటైర్మెంటేమో."

"రబ్బరు యాడ పోయినాది?"

"యాడికీ పోలేదే. ఈడనే, డ్యూటీ మారినాది."

మర్నాడు తూటా ఎగిరి జయరామప్ప చెప్పుల దగ్గర పడింది. ఆయన తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికి వెళ్లిపోయాడు. నాగన్న తిట్ల కోసం గంటసేపు కాచుకున్నాడు. రోజుకొకటి చొప్పున పదకొండు తూటాలు పోయాయి. తిట్టు ఒక్కటీ రాలేదు.

పన్నెండో రోజు ఆదివారం, కాంతమ్మ ఇంట్లోనే ఉంది. కోపంతో ఇంకా గట్టి స్ప్రింగు వేశాడు. స్ప్రింగును ఆపే కొక్కెం ప్లాస్టిక్‌ది, తట్టుకోలేకపోయింది. మీట నొక్కకముందే జారింది. చివరి తూటా వంటింట్లోకి దూసుకుపోయి సాంబారులో మునిగింది.

"రేయ్ బ్రహ్మాండమా!" అంది కాంతమ్మ ముఖం తుడుచుకుంటూ. మొగుణ్ని ఆమె అంతకుముందెన్నడూ 'రేయ్' అనలేదు. "మిగతావి కూడా తీసుకో. ఎదురింటాయన ఇచ్చినాడు."

సంచిలో పదకొండు తూటాలు. ఒక్కోదాని మీద ఎర్రచుక్క. కంపెనీలో పనికిరాని ముక్కకు ఎర్రచుక్క పెట్టడం ముప్పై ఏళ్లు జయరామప్ప ఉద్యోగం.

నాగన్న చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటాడు. "నా పనిలో ఏం తప్పుండాది, చెప్పు!"

జయరామప్ప తల ఎత్తలేదు. "స్ప్రింగు గట్టిది వేసినావు, కొక్కెం పాతదే ఉంచినావు. అన్నీ ఎడమకే పడతా ఉండాయి. పోయి తుపాకి తేప్పా, కొక్కెం ఇనుముతో చేస్తాము."

నాగన్న వెళ్లి తెచ్చాడు. సాయంత్రానికి ఇద్దరూ ఒకే అరుగు మీద ఆకురాయి పట్టుకుని తిట్టుకుంటూ ఉన్నారు. కాంతమ్మ రెండు లోటాల కాఫీ తెచ్చింది.

"చూసినావా, వాడు నాతో మాట్లాడినాడు. ఎట్ల పడేస్తినో!" అన్నాడు నాగన్న.

"అవునప్పా," అంది కాంతమ్మ. "ఎర్రరంగు డబ్బా కొనిచ్చింది మాత్రం నేను."

— పాపక్క, అరవై ఎనిమిదేళ్లు, ఇప్పుడు ఉండేది సూళగిరి