తెల్ల కోన్‌పూలూ, పానకాలరావు కుర్చీ

ఒక పెద్ద అడవిలో పానకాలరావు అనే ఎలుగుబంటి పంచాయతీ ప్రెసిడెంటుగా ఉండేవాడు. ముందు పూలు వచ్చాయో, ముందు తగాదా వచ్చిందో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. వరుస తప్పితే మీరే సర్దుకుని చదువుకోండి.

ప్రెసిడెంటు కుర్చీ అంటే ఒక మద్దిమొద్దు. సరిగ్గా దాని నెత్తిన, నీడనిచ్చే చెట్టుకొమ్మకి, పెద్ద తేనెపట్టు. కూర్చుని నాలుక చాపితే చాలు. పానకాలరావుకి పదవి మీద మమకారమంతా అక్కడే. "ప్రజాసేవ" అన్నప్పుడల్లా మూతి నాక్కునేవాడు.

ఓసారి సింహపు రాణి పొరుగడవికి పెళ్ళికెళ్ళి, అక్కడ తెల్ల కోన్‌పూలు చూసి మోజుపడి, తిరుగుదారిలో నారు ఈ అడవికి పట్టుకొచ్చింది. నడుమ ముళ్ళముళ్ళ బుడిపె, చుట్టూ కిందికి వాలిన తెల్ల రేకులు. గిర్రున తిరిగే పిల్ల పరికిణీలా ఉంటుందా పువ్వు.

"వచ్చే ఏడు వానలు వెలిశాక వస్తాను. ఎవరి పెరట్లో ఇవి బాగా పూస్తే వాళ్ళదే ప్రెసిడెంటు కుర్చీ," అని నారు పంచిపెట్టి వెళ్ళింది.

పానకాలరావుకి గుండెల్లో రాయి పడింది. ఆయనకి పోటీ అంటే ఉపాధ్యక్షురాలు తాయారమ్మ ఒక్కతే. ఆమె ఉడుము. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పనీ చెయ్యలేదు కాబట్టి ఆమెకి శత్రువులు లేరు. అదే ఆయన భయం.

సెక్రటరీ కొంగని పిలిచాడు. "కామేశం! ఇళ్ళ స్థలాలు మళ్ళీ పంచుదాం. తాయారమ్మకి ఆ గుట్ట మీది రాళ్ళనేల ఇచ్చెయ్. నీడ ఉండకూడదు, నీళ్ళు నిలవకూడదు."

"చిత్తం. ఎండో?"

"దంచికొట్టాలి!"

"చిత్తం. మరి తమరికి?"

"వాగు ఒడ్డున, నేరేడు నీడలో, నల్లరేగడి."

తాయారమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "ఎండ బాగా తగులుతుందా అన్నయ్యా?"

"మాడిపోతావు తల్లీ!"

"అయితే చాల్లే." రాళ్ళ సందుల్లో నారు తోకతో కుక్కి, పక్కనే బోర్లాపడుకుని కళ్ళు మూసుకుంది.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ప్రెసిడెంటుగారితో పని పడితే ముందు ఆయన పెరట్లో మొక్కలకి ఒక చెంబు నీళ్ళు పొయ్యాలి. పోశాకే అర్జీ.

"అయ్యా, నా బురదగుంట సంగతి..." అంది పంది.

"నీళ్ళు పోశావా?"

"రెండు చెంబులు పోశానండి."

"భక్తి అంటే అదీ!"

జింక పోసింది, కుందేలు పోసింది. ఏనుగు తొండంతో పోసి, ఎరువు కూడా తన సొంతదే వేసి వెళ్ళింది. మొక్కలు తాటాకంత ఆకులేసి, పూత మాట మరిచి, కల్లు తాగినవాళ్ళలా ఒకదాని మీద ఒకటి వాలాయి. ఆకులు పసుపు తిరిగాయి.

"దాహమేస్తోంది పాపం. ఇంకా పొయ్యండి!" అన్నాడు పానకాలరావు.

మొక్కల మొదట్లో కప్పలు కాపురం పెట్టాయి. తడి ఎక్కువైందని కామేశానికి తెలుసు. కానీ రోజూ అక్కడే తన టిఫిను. కాబట్టి, "చిత్తం," అన్నాడు.

రాణి రానే వచ్చింది. "పూలేవయ్యా?"

"కొత్త రకం తల్లీ. వేళ్ళలో పూస్తాయి." మాట నిలబెట్టుకోవాలని ఒక మొక్క పట్టి లాగాడు. కుళ్ళిన వేరు ఊడి చేతికొచ్చింది. ఆ కంపుకి రాణీ, పరివారమూ గుట్ట మీదికి పరిగెత్తారు.

గుట్టంతా తెల్లగా విరగబూసి ఉంది!

"ఏం చేశావమ్మా?" అంది రాణి.

తాయారమ్మ ఒక కన్ను తెరిచింది. "ఏమీ లేదు తల్లీ."

"ఎంత వినయం! నీళ్ళు?"

"వాన పోసింది."

"ఎరువు?"

"ఎవరు మోస్తారు?"

"ఎండిన పూలు కొయ్యలేదా?"

"లేవాలి కదా! పిట్టలొచ్చి గింజలు తిన్నన్ని తిని, తక్కినవి రాళ్ళలో రాల్చాయి. మళ్ళీ మొలిచాయి."

అక్కడికక్కడే తాయారమ్మని ప్రెసిడెంటు చేశారు. ఆమె ఒక్క మాటే అంది. "ఆ కుర్చీ నీడలో ఉంది, చలేస్తుంది. ఇక్కడికి తెప్పించండి."

మొద్దు మోసింది పానకాలరావే. మోస్తున్నా లోపల సంబరం. కుర్చీ పోతేనేం, పట్టు చెట్టుకే ఉందిగా! మొద్దు దించి ఒక్క ఉరుకున కిందికొచ్చాడు.

కొమ్మకి పట్టు లేదు. కోన్‌పూల రుచి మరిగి తేనెటీగలన్నీ గుట్ట మీది బండకి కాపురం మార్చేశాయి.

మర్నాడు మాజీ ప్రెసిడెంటు చెంబు పట్టుకుని గుట్టెక్కాడు. "అమ్మగారూ, మొక్కలకి నీళ్ళు పొయ్యమంటారా?"

"వద్దన్నయ్యా. నువ్వూ ఇలా పడుకో."

నల్లబొచ్చు ఎండకి మాడుతున్నా, పైనున్న పట్టుకేసి నోరు తెరుచుకుని పడుకున్నాడు పానకాలరావు.

నీతి: పైకి రావడానికి మనం కష్టపడక్కర్లేదు, మన చెడు కోరేవాడు శ్రద్ధగా కష్టపడితే చాలు.

అమ్మాయ్ వకుళా, ఈ కథ అచ్చుకిచ్చే ముందు పేర్లు ఓసారి సరిచూడవే. పానకాలరావు అన్నది మన వియ్యంకుడి పేరు కాదు కదా?