పేలుళ్ల సంఖ్య సున్నా

ఒక పెద్ద అడవిలో అందరూ హాయిగానే నిద్రపోయేవారు, కోతి పల్లీల పొట్లం విప్పేదాకా. పొట్లం కట్టిన పాత పేపరు ముక్కలో ఒక వార్త ఉంది. మనుషులు భూమి లోపల అణుబాంబులు పేల్చి చూసుకుంటారట. ఎవరైనా అలా దొంగచాటుగా పేలిస్తే పసిగట్టడానికి ఇంకొందరు మనుషులు పరిశోధనలు చేస్తారట. ఆ పరిశోధనలకు ప్రభుత్వం నిధులిస్తుందట.

మొదటి రెండు సంగతులూ విని దర్బారులో ఎవరూ పెద్దగా కదల్లేదు. మూడోది వినగానే అందరూ నిటారుగా కూర్చున్నారు.

"ఏటి అవతలి అడవిలో పులి కూడా అలా పేలుస్తుందేమో?" అన్నారు సింహం రాజుగారు.

"పులి దగ్గర బాంబు ఉందా ప్రభూ?" అంది కోతి.

"లేదని మన దగ్గర రుజువుందా?"

రుజువు లేదు. ముందుగా పులిని పిలిపించి ఒప్పందం రాసుకున్నారు. రెండు అడవుల్లోనూ భూమి లోపల ఎవరూ ఏదీ పేల్చరాదు అని. పులి చదవకుండానే పంజా ముద్ర వేసేశాడు. తనకు చేతకాని పని చేయనని రాసివ్వడానికి ఆయనకేం కష్టం?

ఆ మర్నాడే 'అణు విస్ఫోట నిర్ధారణ పరిశోధనా సంస్థ' వెలిసింది. ఏటా రెండు వందల తేనెపట్లు నిధులు. డైరెక్టరుగా నెమలి డాక్టర్ నీలాంబరం గారిని వేశారు. ఇంటర్వ్యూలో ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆయన వెనక్కి తిరిగి పింఛం విప్పారు. ఇన్ని కళ్లున్నవాడి కన్నుగప్పి ఎవడు పేలుస్తాడని రాజుగారు ముచ్చటపడి సంతకం పెట్టేశారు.

ఆర్థిక శాఖ మాత్రం ముళ్లపంది కంటకేశ్వరరావుది. కలాల కోసం ఆయన ఎవరి దగ్గరా చెయ్యి చాచక్కర్లేదు. ఒంటిమీదే ఉన్నాయి. ఒక్కో అభ్యంతరానికి ఒక్కో ముల్లు పీకి రాసేవాడు. ఫైలు తెచ్చినవాడు ఎంత గట్టివాడైనా ఆయన ముందు రెండడుగులు వెనక్కే నిలబడేవాడు.

నీలాంబరం గారు ఆర్నెల్లు ఆలోచించి పరికరం తయారుచేశారు. చెరువు గట్టున నలభై కొంగల్ని వరసగా ఒంటికాలిమీద నిలబెట్టారు. అంతే, అదే పరికరం. భూమి అదిరితే కొంగ పడిపోతుంది. ఎన్ని కొంగలు పడితే అంత పెద్ద పేలుడు. పడిన కొంగల్ని లెక్కపెట్టి రిజిస్టరులో ఎక్కించడానికి ఒక ఉడుతని వేశారు.

మొదటి వారంలోనే పదకొండు కొంగలు పడ్డాయి. అడవంతా హడలిపోయింది. తీరా చూస్తే ఏనుగు స్నానానికి వచ్చింది. దాంతో పరికరానికి కోసెడు దూరంలో ఏనుగులు నడవరాదని ఉత్తర్వు వేశారు. దుప్పులు మునివేళ్లమీద నడవాలన్నారు. అడవిదున్నకి తుమ్ము వచ్చేలా ఉంటే మూడు రోజులు ముందుగా అర్జీ పెట్టుకోవాలన్నారు.

నిజానికి ఈ గొడవంతా అక్కర్లేని ప్రాణి ఒకటి ఆ అడవిలోనే ఉంది. నక్కలమెట్ట కింద బొరియలో ఉండే పందికొక్కు, పేరు తవిటమ్మ. మీసాలు నేలకి ఆనించి పడుకుంటే చాలు, ఏది ఏనుగో, ఏది దొర్లిన బండో, ఏది దూరాన మనుషుల క్వారీలో పేలిన తూటాయో ఇట్టే చెప్పేది. ఒకసారి సంస్థ దగ్గరికి వెళ్లి ఆ మాటే చెప్పింది కూడా.

"నీకు కాళ్లెన్ని?" అని అడిగారు నీలాంబరం గారు.

"నాలుగు బాబూ."

"ఒంటికాలిమీద ఎంతసేపు నిలబడగలవు?"

"ఒంటికాలిమీద నాకేటి పని బాబూ? కడుపు నేలకి ఆన్చుకుని పడుకుంటాను."

"అర్హత లేదు" అని రాసి పంపించేశారు. తవిటమ్మ పెద్దగా నొచ్చుకోలేదు. అప్పటికి నిండు చూలాలు, పడుకోవడానికే ఆమెకు తీరిక చాలడం లేదు.

సంస్థ పెట్టి ఏడాది కావచ్చింది. ఎక్కడా ఏదీ పేలలేదు. ఒప్పందం చక్కగా నడుస్తోంది. మీరూ నేనూ అయితే సంతోషించేవాళ్లం. మనం ఆర్థిక శాఖలో లేము కాబట్టి.

మార్చి నెలాఖరు వచ్చింది. కంటకేశ్వరరావు సంస్థ పంపిన ఫారం ముందేసుకుని నీలాంబరం గారిని పిలిపించాడు.

"ఏడో గడి చూడండి. ఈ ఏడాది పసిగట్టిన పేలుళ్ల సంఖ్య. సున్నా వేశారు."

"జరగలేదు కదండీ."

"జరగకపోవడం మీ పనా? ఇన్నాళ్లూ నలభై కొంగలకి చేపలు పెట్టి సున్నా తెచ్చారు. ఫలితం సున్నా అయితే నిధులు ముప్పై ఒకటో తారీఖుకి ఖజానాకి తిరిగి రావాలి. రూలు."

"తేనె తినేశాం కదండీ!"

"కక్కండి. దానికీ రూలుంది."

నీలాంబరం గారి పింఛం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. పరుగుపరుగున రాజుగారి దగ్గరికి పోయి కాళ్లమీద పడ్డారు.

"ప్రభూ, ఒకే ఒక్క పేలుడు ఇప్పించండి. చిన్నదైనా ఫరవాలేదు. నమూనా పేలుడు! లేకపోతే మన పరికరం పనిచేస్తోందని లోకానికి ఎలా తెలుస్తుంది?"

"మరి పులితో ఒప్పందమో?"

"అది పేల్చేవాళ్లని ఆపడానికి ప్రభూ. మనం పేల్చేది కనిపెట్టడానికి."

రాజుగారికి ఈ తేడా చాలా లోతుగా ఉన్నట్టనిపించింది. లోతుగా ఉన్నవాటికి ఆయన ఎప్పుడూ ఒప్పేసుకునేవారు. కోతులు క్వారీకి పోయి ఒక పెట్టెడు జిలెటిన్ కడ్డీలు ఎత్తుకొచ్చాయి. కంటకేశ్వరరావు వాటిని వాసన చూసి, "ఇది అణు విస్ఫోటమేనా?" అని ఒక ముల్లు పీకబోయాడు.

"అణువులు లేని వస్తువు ప్రపంచంలో ఉందాండీ?" అన్నారు నీలాంబరం గారు.

ముల్లు మళ్లీ ఒంట్లోకి పోయింది.

పటంలో నక్కలమెట్ట మీద 'నివాసులు లేరు' అని రాసి ఉంది. అది రాసినవాడు చెట్టుమీద కూర్చుని రాశాడు. మార్చి ముప్పై ఒకటి పొద్దున్నే కోతులు మెట్టకి కన్నం వేయడం మొదలెట్టాయి. మధ్యాహ్నం పన్నెండింటికి పేలుడు అని బోర్డు పెట్టారు.

మెట్ట కింద తవిటమ్మ పిల్లల్ని ఈని మూడు రోజులు. ఎనిమిది పిల్లలు. ఎర్రగా, కళ్లు తెరవకుండా, ఒకదాన్నొకటి తోసుకుంటూ. మొదటి గునపం దెబ్బకే ఆమెకు సంగతి తెలిసిపోయింది. పిల్లల్ని ఆకులతో కప్పి సంస్థకి పరుగెత్తింది.

"బాబూ, పిల్లలింకా కళ్లు తెరవలేదు. నాలుగు రోజులు ఆగండి, వేరేచోట బొరియ తవ్వుకుని ఎల్లిపోతాను."

"నాలుగు రోజులంటే ఏప్రిల్ నాలుగు!" నీలాంబరం గారు అదిరిపడ్డారు. "ఏప్రిల్‌లో పేలిస్తే ఎవడికి కావాలమ్మా?"

"నా పిల్లలు బాబూ..."

"అసలు అక్కడ ఎవరూ లేరు కదా. పటం చూడు. నువ్వు అక్కడ ఉంటున్నట్టు నివాస పత్రం తీసుకురా, అప్పుడు ఆలోచిద్దాం."

నివాస పత్రం ఇచ్చేది కంటకేశ్వరరావు. ఆయన గుమ్మం ముందు పొడుగాటి వరస. ఏడాది చివరి రోజు కదా, అడవిలో ఉన్న శాఖలన్నీ ఖర్చుపెట్టని నిధులు ఖర్చుపెట్టామని రాయించుకోవడానికి వచ్చాయి. తవిటమ్మ గంటసేపు నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి ఆయన తలెత్తకుండానే, "ఈరోజు లెక్కల ముగింపు. పత్రాలు రేపు" అన్నాడు.

రేపటికి మెట్ట ఉండదని ఆయనకీ తెలుసు. తెలిసినా రేపే ఇస్తానన్నాడు. అలాంటివాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తవిటమ్మ వెనక్కి పరుగెత్తింది. ఒక్కో పిల్లని నోట కరుచుకుని, రాళ్లమీదుగా వాగు దాకా పోయి, ఇసుక గట్టున చిన్న గుంటలో దించి, మళ్లీ వచ్చింది. ఒకటి. రెండు. మూడు. ఎండ నడినెత్తికి వస్తోంది. అయిదోదానికి కాళ్లు తడబడ్డాయి. ఏడోదాన్ని దించి వెనక్కి తిరిగేసరికి బోర్డు ప్రకారం ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. సరిపోతుంది.

కానీ పన్నెండింటికి రాజుగారి భోజనం. దానికి అడ్డం రాకూడదని నీలాంబరం గారు పేలుడుని పావుగంట ముందుకు జరిపారు. బోర్డు మార్చడానికి వేరే శాఖ అనుమతి కావాలి కాబట్టి మార్చలేదు.

చెరువు గట్టున కోతి అంకెలు మొదలుపెట్టింది. "మూడు!" అంది. కొంగలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. "రెండు!" అంది. నలభై కొంగలూ రెండో కాలు కూడా దించి, రెక్కలు విప్పి, ఎగిరిపోయాయి.

మెట్ట పేలింది. నేల అదిరింది. ఏనుగులు కూర్చున్నచోటే ఒరిగిపోయాయి. అడవిమీద మట్టి వాన కురిసింది.

ఉడుత కళ్లు నులుముకుని గట్టువంక చూసి రిజిస్టరులో రాసింది. 'పడిన కొంగలు: సున్నా.'

"మళ్లీ సున్నానా!" అని నీలాంబరం గారు నెత్తి బాదుకుంటుండగానే పులి ఏరు ఈదుకుంటూ వచ్చి దర్బారులో నిలబడ్డాడు. ఒళ్లంతా నీళ్లు, కళ్లలో నిప్పులు.

"ఒప్పందం తప్పారు! మా ఎలుగుబంటి తేనె చెట్టు మీంచి నడుం విరిగేలా పడింది. పేల్చారా, లేదా?"

రాజుగారికి భోజనం చల్లారిపోతోంది. పేల్చామంటే మాట తప్పినట్టు. పేల్చలేదంటే ఎలా నమ్ముతాడు? ఆయన నీలాంబరం గారి వైపు తిరిగారు.

"డాక్టరు గారూ, మన అడవిలో పేలుడు జరిగిందా?"

నీలాంబరం గారు చేతిలో రిజిస్టరు చూసుకున్నారు. నెత్తిమీద మట్టి దులుపుకున్నారు. మెల్లగా పింఛం విప్పారు.

"పరికరం ప్రకారం లేదు ప్రభూ."

"ఆ పొగేమిటి?" అని గర్జించాడు పులి.

"పొగ మా పరిధిలోకి రాదండి."

అప్పుడే తవిటమ్మ వచ్చింది. మీసాలు కాలిపోయి ఉన్నాయి, ఒళ్లంతా మట్టి. అడ్డుకోబోయిన బంట్రోతు ఆమె మొహం చూసి పక్కకి తప్పుకున్నాడు.

"పేలింది బాబూ" అంది. "నా ఎనిమిదో పిల్ల లోపలుండగా పేలింది."

కంటకేశ్వరరావు రెండడుగులు ముందుకొచ్చాడు.

"అమ్మా, నువ్వు పరికరానివి కావు."

పులి తవిటమ్మని చూశాడు. రిజిస్టరుని చూశాడు. చాలాసేపు నీలాంబరం గారి పింఛాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఆయన కళ్లలో నిప్పులు చల్లారి మరేదో మెరిసింది.

"సింహం గారూ, ఎంత పేలినా సున్నా చూపిస్తుందన్నమాట ఈ యంత్రం" అన్నాడు ఎంతో మర్యాదగా. "మాకూ ఒకటి చేయించి పెడతారా?"

రాజుగారి ప్రాణం కుదుటపడింది. అక్కడికక్కడే సంస్థకు నిధులు రెట్టింపు చేశారు. ఏడో గడిలో సున్నా కూడా ఫలితమేనని రూలు మార్చారు. ఎగిరిపోయిన కొంగలకు ప్రమోషన్లు ఇచ్చారు. వాటిలో ఇరవైని డిప్యుటేషన్ మీద పులి అడవికి పంపారు.

పదిహేను రోజులు తిరక్కుండానే ఏటి అవతలినుంచి ధన్ మని వినబడింది. మర్నాడు ఇంకోటి. ఇటునుంచి కోతులు క్వారీకి వెళ్లాయి, అటునుంచీ కోతులు క్వారీకి వెళ్లాయి. సింహాసనం బీటలు వారి, రాజుగారు నేలమీద కూర్చుని భోంచేయాల్సి వచ్చింది. రెండు అడవుల రిజిస్టర్లలోనూ సున్నాలే. ఒప్పందం అంత గొప్పగా ఇంతకుముందెప్పుడూ అమలు కాలేదని ఉభయ రాజులూ ప్రకటన ఇచ్చారు.

ఈలోగా కంటకేశ్వరరావు స్వయంగా వాగు గట్టుకు వచ్చాడు. తవిటమ్మకి నివాస పత్రం తెచ్చాడు.

"పిల్లలెంతమంది?"

"ఎనిమిది."

"ఏడే కనబడుతున్నాయమ్మా."

"ఎనిమిది బాబూ."

ఆయన నెమ్మదిగా నచ్చజెప్పాడు. "చూడు తల్లీ. పేలుడు జరగలేదని తేలిపోయింది. జరగని పేలుడులో పిల్ల పోవడానికి వీల్లేదు. అందుకని ఆ ఎనిమిదోది పుట్టనే లేదని రాసుకుందాం. ఏడు వేసి ముద్ర కొట్టు, పొడి నేలలో మంచి బొరియ ఇప్పిస్తాను."

తవిటమ్మ ఏడుగురినీ పొట్ట కిందికి లాక్కుంది. పిల్లలు అప్పుడప్పుడే కళ్లు తెరుస్తున్నాయి.

"ఎనిమిది" అంది.

ఆయన ముల్లు పీకి ఏడు వేసుకుని వెళ్లిపోయాడు. తవిటమ్మ ముద్ర వేయలేదు. బొరియ రాలేదు.

నీతి లేకపోతే నిద్ర పట్టనివాళ్లు ఇది రాసి పెట్టుకోండి: పేలుడు జరిగిందని తెలుసుకోవడానికి ఒక తల్లి చాలు, జరగలేదని తేల్చడానికే పరిశోధనా, నిధులూ కావాలి.