మూడో గేరు పరీక్ష

ఆ ఉదయం మెకానిక్ కరెంటు వేసుకున్న పథకం చాలా చిన్నది. అక్క నడిపే డ్రైవింగ్ స్కూలు కారులో లోపం ఎక్కడుందో పదిలోపు పట్టుకోవాలి. పదిన్నరకి అదే కారులో అక్క దగ్గర నేర్చుకున్న దర్జీ లైసెన్సు పరీక్షకు హాజరవుతాడు. పదకొండుకి తను షెడ్డుకు తిరిగొచ్చి టీ తాగాలి.

బండ్ల వైరింగు బాగుచేసే మనిషి కాబట్టి ఊరందరికీ అతను కరెంటే. ఇరవై ఏళ్ళుగా అదే పని. అయితే అతనికి డ్రైవింగ్ లైసెన్సు లేదు. నాలుగుసార్లు పరీక్షకు వెళ్ళి నాలుగుసార్లూ తప్పాడు. షెడ్డులో బండిని వెన్నలో కత్తిలా తిప్పే మనిషే, పక్కన ఎవరైనా అట్ట పట్టుకుని మార్కులు వేస్తుంటే చాలు, చేతులు చెయ్యాల్సిన పని కాళ్ళు, కాళ్ళు చెయ్యాల్సింది చేతులు చేసేవి. బాగుచేసిన బండిని రోడ్డెక్కించాలంటే యజమానినే నడపమని తను పక్కన కూర్చునేవాడు. "అదో పద్ధతిలెండి" అని చెప్పుకునేవాడు గానీ లోపల తల కొట్టేసినట్టుండేది.

అక్క కారు ఆటోమేటిక్. గేర్లు దానంతటదే మార్చుకుంటుంది. కరెంటు అందగానే గేరుపెట్టెలో నూనెకు దారి తెరిచే చిన్న బుడిపె ఒకటుంటుంది. దాన్ని సోలినాయిడ్ అంటారు. ఇరవై నిమిషాలు నడిచాక ఈ కారు మూడో గేరులో బిగుసుకుపోయి, పైకీ కిందికీ కదలనని మొండికేస్తోంది.

"సోలినాయిడే పోయిందిరా. విడిభాగాల కంపెనీ వాళ్ళకి ఫోను చేశాను. మార్చెయ్యాల్సిందే అంటున్నారు" అంది అక్క.

"వాళ్ళు అమ్మేవాళ్ళక్కా, అనక ఏం చేస్తారు? చల్లగా ఉన్నప్పుడు మీటరు పెట్టి చూశాను. పద్నాలుగు ఓమ్స్ చూపిస్తోంది. నిక్షేపంలా ఉంది. వేడెక్కాక సోలినాయిడ్ దాకా కరెంటు వస్తోందో లేదో చూడాలి."

అందుకోసం అతను గేరుపెట్టె దగ్గరి తీగకు ఒక చిన్న బల్బు కలిపి, ఆ తీగను కిటికీలోంచి లోపలికి లాగి, బల్బును అద్దం కింద టేపుతో అంటించాడు. తీగలో కరెంటు ఉన్నంతసేపూ అది వెలగాలి. బల్బు వెలుగుతుండగా బండి మొండికేస్తే తప్పు సోలినాయిడ్‌ది. ముందే ఆరిపోతే తప్పు తీగది.

గడువు దాటి పదిన్నర కావొచ్చేదాకా అక్క బండి తిప్పింది గానీ ఏమీ తేలలేదు. చివరికి కారును పరీక్షా మైదానంలో ఓ మూల ఆపింది.

"దర్జీ ఆఫీసులో ఫొటో లైనులో ఉన్నాడు, తీసుకొస్తాను. ఇంజను ఆపకు, చల్లారుతుంది. అన్నట్టు ఆ కంపెనీ ఆయన ఇక్కడికే వస్తానన్నాడు. నీలం చొక్కాట. పెద్ద అనుభవమున్న మనిషి. ఆయన ఏం చెబితే అది చెయ్యి, నీ తెలివితేటలు చూపించకు" అని చెప్పి వెళ్ళిపోయింది.

కరెంటు డ్రైవరు సీట్లోకి జరిగి, బ్రేకుమీద కాలు పెట్టి బల్బునే చూస్తూ కూర్చున్నాడు. రెండు నిమిషాల్లో పక్క తలుపు తెరుచుకుంది. నీలం చొక్కా వేసుకున్న ఒకాయన అట్ట పట్టుకుని ఎక్కాడు.

ఆయన పరీక్షాధికారి. బదిలీ మీద వచ్చి రెండో రోజు. పదిన్నరకి ఈ నంబరు బండి అని ఆయన కాగితంలో ఉంది, డ్రైవరు సీట్లో మనిషీ ఉన్నాడు.

"సిద్ధమేనా?" అన్నాడాయన.

"మీకోసమే చూస్తున్నానండి. చల్లగా ఉంటే అంతా బాగానే ఉందండి, వేడెక్కితేనే గొడవ."

"అందరికీ అంతేనయ్యా. కంగారు పడకు." పరీక్షాధికారి చూపు అద్దం కిందికి పోయింది. "ఏమిటా బల్బు?"

కరెంటు నవ్వాడు. "భలేవారే. మీకు తెలియని బల్బా!"

కొత్త చోట, రెండో రోజే, తెలియదని ఒప్పుకోవడం ఆయనకు నచ్చలేదు. "అవునవును" అని కాగితంలో ఏదో రాసుకున్నాడు. "పోనీ. కుడికి తిప్పు."

కరెంటు తిప్పాడు. ఎడమకన్నాడు, ఎడమకు తిప్పాడు. వంకరటింకర గీతల మధ్య పోనిమ్మంటే టైరు గీతకు తగలకుండా పోనిచ్చాడు. అనుభవమున్న మనిషి పక్కనుండి బండిని వేడెక్కిస్తున్నాడన్న ధీమాతో అతని చేతులు చేతుల్లా, కాళ్ళు కాళ్ళలా పనిచేశాయి. పైగా మధ్యమధ్య సలహాలు కూడా ఇచ్చాడు.

"ఇట్లా మెల్లిగా పోతే లాభం లేదండి. కాస్త ఎత్తు ఎక్కిద్దామా?"

ఇంతవరకు ఎత్తు ఎక్కిస్తానని తానే అడిగిన అభ్యర్థిని ఆయన చూడలేదు. "కానియ్" అన్నాడు ముచ్చటపడి.

సగం ఎత్తులో బల్బు రెండుసార్లు రెప్పలాడించి ఆరిపోయింది. ఆ మరుక్షణం కారు మూడో గేరులో బిగుసుకుని, పూనకం వచ్చినట్టు ఊగింది.

"పోయింది! పోయింది!" కరెంటు ఆనందంతో కేక పెట్టాడు.

"ఏం పోయిందయ్యా?" పరీక్షాధికారి తలుపు పిడి పట్టుకున్నాడు.

"ముందు బల్బు పోయింది, తర్వాత బండి మొండికేసింది. చూశారు కదా? సోలినాయిడ్ కాదండి, తీగే! మీ కంపెనీ పెట్టెడు సోలినాయిడ్లు మోసుకొచ్చినా అక్కర్లేదు."

అతను బ్రేకు నొక్కి, చేతిబ్రేకు లాగి, నాలుగు దీపాలూ మినుకుమినుకుమనిపించి, వెనకాల ఎవరైనా వస్తున్నారేమో చూసుకుని దిగాడు. పరీక్షాధికారి ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టుకున్నాడు. కరెంటు బానెట్ ఎత్తి తీగల కట్టను వేలితో కదిపాడు. బ్యాటరీ కింది రేకు రాపిడికి ఒక తీగ తొడుగు చిరిగి, లోపలి రాగిపోగులు దాదాపు తెగి ఉన్నాయి. పోగులు మెలిపెట్టి, టేపు చుట్టి, ఇంజను ఆపి మళ్ళీ వేశాడు. బల్బు వెలిగింది. కారు బుద్ధిగా ఎత్తు ఎక్కింది.

దిగేటప్పుడు పరీక్షాధికారి అతని భుజం తట్టాడు. "శభాష్. పాస్!"

"అవునండి, ఇప్పుడు తీగలో దివ్యంగా పాస్ అవుతోంది" అన్నాడు కరెంటు బల్బుకేసి చూస్తూ.

అప్పటికే అక్క, దర్జీ మైదానం అంచున నిలబడి ఉన్నారు. దర్జీ ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాతో ముందుకొచ్చాడు.

"సార్, నా పరీక్ష ఎప్పుడండీ?"

పరీక్షాధికారి కాగితం చూశాడు. "ఈ బండి పరీక్ష అయిపోయింది. దర్జీ పాసయ్యాడు."

"నేనండీ దర్జీని!"

"మరి ఈయనెవరు?"

"మా తమ్ముడండి, కరెంటు" అంది అక్క.

"కంపెనీ సారు మీరు కారా?" అన్నాడు కరెంటు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

సంగతంతా తేలేసరికి పావుగంట పట్టింది. పరీక్షాధికారి ముందు మండిపడ్డాడు, తర్వాత ఎంత ఆపుకున్నా నవ్వు ఆగక అట్ట అడ్డం పెట్టుకున్నాడు. దర్జీ పరీక్ష మళ్ళీ పెట్టాడు. బాగైన కారు కాబట్టి అతను ఐదు నిమిషాల్లో గట్టెక్కాడు.

అక్క అవకాశం వదలలేదు. "సార్, మా వాడు నాలుగుసార్లు తప్పాడండి. ఇందాక ఎట్లా నడిపాడో మీరే చూశారు కదా. నేర్చుకునే లైసెన్సు జేబులోనే ఉంది."

"నిజం చెప్పాలంటే ఇంత బాగా నడిపినవాణ్ణి నేను చూడలేదమ్మా" అన్నాడాయన. "దరఖాస్తు నింపించు. ఇందాకటి మార్కులన్నీ వేస్తాను. మిగిలింది ఒక్కటే, రివర్సు. ఆ రెండు కర్రల మధ్య బండి పెట్టేస్తే లైసెన్సు ఇచ్చేస్తాను."

కరెంటు కారెక్కాడు. పక్కన నీలం చొక్కా, ఒళ్ళో అట్ట. ఈసారి అది పరీక్ష అని అతనికి తెలుసు. చెమట్లు కారుతుండగా కాలు అదిమాడు. ఇంజను ఊళ పెట్టింది, కారు మాత్రం అంగుళం కదల్లేదు. ఇంకా అదిమాడు. ఇంకా గట్టిగా ఊళ పెట్టింది.

"మళ్ళీ తీగ తెగిందండి!" అని అతను దూకి, బానెట్ ఎత్తి, చుట్టిన టేపంతా విప్పి, పోగులు లెక్కపెట్టి, మీటరు తెచ్చి, అక్క వద్దంటున్నా కారు కిందికి దూరాడు.

పరీక్షాధికారి సీట్లోంచి వంగి గేరు కర్ర చూశాడు. అది పార్కింగులోనే ఉంది, రివర్సులోకి మార్చనే లేదు. కారు కిందనుంచి రెండు కాళ్ళు, "పద్నాలుగు ఓమ్స్ బాగానే ఉందండీ" అన్న మాటా వస్తున్నాయి.

ఆయన నిట్టూర్చి కలం తీశాడు. తప్పడానికి కారణం అన్న గడిలో శ్రద్ధగా రాశాడు: "బండిలో లోపమేమీ లేదు."