గేటు బోర్డు మీద వాక్యం

గురునాథరావు గట్టురాయిని రెండడుగులు ఇటు జరిపాడన్న కక్ష బర్నబాసుకి పదకొండేళ్ళుగా పోలేదు. పక్కింటివాడు, పరవాడ కంపెనీలో బాయిలర్ దగ్గర పని, ఎదురుపడితే "బావా" అని నవ్వుతాడు. ఆ నవ్వు వెనక ఏముందో చదువుకున్నవాళ్ళకంటే ఐదో తరగతిలో బడి మానేసిన తనకే బాగా తెలుసని బర్నబాసు నమ్మకం. ఆ రెండడుగులూ లేకనే పైగదికి మెట్లు పడలేదు. మూడేళ్ళుగా భార్య సలోమి అరిగిన మోకాళ్ళతో నిచ్చెనెక్కి బట్టలు ఆరేస్తోంది.

ఇవాళ ఆ చోటు దక్కబోతోంది. "పది గంటలకి సర్వేయర్ని తెచ్చుకో బావా. కొలతలేటీ వొద్దు. గీత గీయించీ, నాను సంతకం ఎట్టీత్తాను" అని గురునాథరావు నిన్న తనంతట తానే అన్నాడు. సెలవు కూడా పెట్టాడు.

పొద్దున్నే కుటుంబ ప్రార్థన అయింది. చర్చివాళ్ళు అచ్చేసిచ్చిన పట్టికలో ఆ రోజుకి ఏ భాగం ఉంటే అదే చదవాలి. అందులోంచి ఒక వాక్యం గేటు పక్కనున్న నల్లబోర్డు మీద రాయాలి. ఆ ఇంటి పద్ధతి అది. బర్నబాసు కంపెనీ గొట్టాల నుంచి బోర్డు మీద పడ్డ బొగ్గు నుసి తుడిచి, అక్షరం వెంట అక్షరం దిద్ది, స్నానానికి పోయాడు. అలా కూడబలుక్కుని రాసేవాడికి అక్షరాలే కనిపిస్తాయి, అర్థం కనిపించదు.

పాల ప్యాకెట్‌తో వస్తున్న గురునాథరావుకి మాత్రం కనిపించింది. పొరుగువాడి సరిహద్దు రాయి జరపకూడదన్న ఆజ్ఞ అది.

"ఏటి బావా ఇది? రాయి జరిపినానని వీధిలో బోర్డెట్టీసినావేటి?"

బర్నబాసు తువ్వాలుతోనే పరిగెత్తుకొచ్చాడు. "అది నా మాట కాదు బావా! పట్టికలో ఇయాలకి అదే పడ్డాది!"

"మూడొందల అరవై అయిదు రోజులుంటే, నాను సంతకం ఎట్టే రోజుకే పడ్డాదా?"

బర్నబాసు గబగబా చెరిపేశాడు. అదింకో తప్పు. ఆ బోర్డు ఖాళీగా ఉన్నది ఒక్కసారే, అతని తల్లి పోయిన రోజు. చేపలకని బయలుదేరిన అప్పాయమ్మ, చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన నడిపే మనిషి, ఖాళీ బోర్డు చూసి సంచీ జారవిడిచింది.

"సలోమీ! ఎలిపోనావేటే తల్లీ!"

"బతికే ఉన్నానొదినా!" నిచ్చెన మీంచి అరిచింది సలోమి.

"మరి బోర్డో?" అప్పాయమ్మకి బోర్డు మీదే నమ్మకం ఎక్కువ.

ఆ ఏడుపుకి వీధి సగం గేటు ముందుకొచ్చింది. గురునాథరావు కదల్లేదు.

"ప్రేమ మీద ఏదోటి రాసీరాదేటయ్యా" అంది సలోమి మెల్లగా.

"మనకి పనికొచ్చింది ఏరుకుని రాత్తే అది దేవుడి మాటవుద్దా? మన దరకాస్తవుద్ది!"

కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టాడు. పొలానికి పొలం కలుపుకునేవాళ్ళ మీద ప్రవక్త పెట్టిన శాపం దొరికింది. దేవుడు చూపించినదాన్ని కాదనే ధైర్యం లేక అదే రాశాడు.

గురునాథరావు పైకి చదివాడు. "ఎలమంచిలి కాడ మా అయ్య పొలం పక్కన అరెకరం కొన్నాను. అదీ తెలిసిపోనాదేటి నీ బోర్డుకి?"

మళ్ళీ చెరుపు. మళ్ళీ వేలు. ఈసారి, మాటిమాటికీ పొరుగింటికి వెళితే విసుగు పుడుతుందన్న హితవు. గురునాథరావు తన కాళ్ళకేసి చూసుకున్నాడు. అవి గేటు లోపలున్నాయి. అడుగు వెనక్కి వేసి బయట నిలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"పొమ్మని రాసీసినాక ఇంకా ఆడే ఉంటావేటయ్యా?" అతని భార్య అసిరమ్మ గోడ మీంచి కేకేసింది.

పదింటికి సర్వేయరు గుణశేఖర్ వచ్చి గీత ఎక్కడ గీయాలని అడిగాడు.

"గీతొద్దు బాబూ, కొలవండి" అన్నాడు గురునాథరావు. "లేఅవుట్ మూల రాయి కాడ్నుంచి కొలవండి. ఎవుడిది ఎవుడు తిన్నాడో వీధంతా సూడాల."

బర్నబాసు గుండె ఎగిరి గంతేసింది. పదకొండేళ్ళుగా అతను కోరుకున్నది ఆ ఒక్క మాటే. మూడు వాక్యాలూ ఎందుకు పడ్డాయో అర్థమైందనుకుని టేపు కొస తానే పట్టుకున్నాడు, ఎక్కడా వదులు కాకుండా.

సర్వేయరు రెండుసార్లు కొలిచాడు. "ఈ గోడ ఎవరిదండీ?"

"నాదేనండి."

"అడుగున్నర అవతల కట్టీసారండి. వాళ్ళ స్థలంలో."

బర్నబాసు టేపు వదల్లేదు. గురునాథరావు కేసి చూశాడు.

"నువ్వు గోడ ఎట్టినప్పుడే నాకు తెలుసు బావా" అన్నాడు గురునాథరావు. గొంతులో కోపం కూడా లేదు. "కొలతలొద్దని అందుకే కదా అన్నాను. ఉన్నది ఉన్నట్టు ఒగ్గీసి, ఆపైన ఇంకో రెండడుగులు ఇద్దామనుకున్నాను."

"మరైతే... ఆ సంతకం..."

"ఇంకేటి సంతకం? మీ దేవుడు బోర్డు మీద రాసీసినాడు కదా."

"గోడెప్పుడు తీత్తాడో అడుగు!" అంది అసిరమ్మ.

గోడ పడడానికి ఎనిమిది రోజులు పట్టింది. సలోమి నిచ్చెన అలాగే ఉంది. బర్నబాసుకి పోయింది నలభై రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, సరిగ్గా ఏడు గజాలు.