గెలిచినందుకు క్షమాపణ

శనివారం సాయంత్రం ఏడు గంటల పది నిమిషాలకు కోరమీసం గెలిచాడు. హాల్లో ఉన్నవారందరూ ఇందుకు సాక్షులు. ఆయన భార్య మాత్రం కబురు విని నమ్మలేదు.

కోరమీసం వృత్తిరీత్యా కుస్తీ వస్తాదు. టిక్కెట్టు కొన్నవారి ముందు ఓడిపోవడం ఇరవై రెండేళ్ళుగా ఆయన ఉద్యోగం. ప్రతి శనివారం దుర్మార్గుడి వేషంలో బరిలోకి దిగుతాడు. రిఫరీ అటు తిరిగినప్పుడు ఎదుటివాడి కళ్ళలో పొడి చల్లుతాడు, జనం చేత నానా తిట్లూ తింటాడు. చివర్లో మంచివాడి చేతిలో చిత్తయి ఇంటికి వెళ్తాడు. వెల్లకిలా పడితే చప్పుడు ఆఖరి వరసకు వినపడాలి, పక్కటెముకకు మాత్రం దెబ్బ తగలకూడదు. ఈ విద్యలో ఆయనకు సాటి లేరని సంస్థ అధ్యక్షుడే సభలో చెప్పాడు. కొత్తగా తెరవబోయే శిక్షణశాలలో పడటం నేర్పే మాస్టారు ఉద్యోగం ఇస్తానని మాట కూడా ఇచ్చాడు. కోరమీసం మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంకొక్క ఏడాది బరిలోకి దిగితే నడక మరిచిపోవలసిందేనని డాక్టరు తేల్చేశాడు. అందుకని ఇంటిల్లిపాదీ ఆ ఉద్యోగం మీదే ప్రాణాలు పెట్టుకున్నారు.

ఆయన్ని ఓడించే మంచివాడు బరిలో బంగారుకొండ, ఇంట్లో సొంత బావమరిది. మంచివాడూ దుర్మార్గుడూ బయట కలిసి కనబడకూడదని సంస్థ నిబంధన. అందుచేత ఇద్దరూ ఒకే వంటింట్లో పక్కపక్కన కూర్చుని తిని, ఒకరు వీధి గుమ్మంలోంచి, ఒకరు పెరటి గుమ్మంలోంచి బయటపడి, వేరువేరు బస్సులు ఎక్కేవారు. ఈ సంగతి ఊళ్ళో తెలియనివారు లేరు. తెలిసినట్టు కనబడకపోవడం ప్రేక్షకుల మర్యాద. పాఠకుల్లో కొందరు ఆ ప్రేక్షకులే గనుక ఇంతకంటే వివరించనక్కరలేదు.

ఆ శనివారం బంగారుకొండ బరి చుట్టూ కట్టిన తాడు మీంచి దూకబోయి కాలు జారాడు. తల నేలకు కొట్టుకుంది. ఈ వృత్తిలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా గట్టిగా పడితే అవతలివాడు పట్టు బిగించినట్టు నటిస్తూ చెయ్యి నొక్కుతాడు. బాగానే ఉన్నవాడు తిరిగి నొక్కుతాడు. కోరమీసం నొక్కాడు. జవాబు లేదు. మళ్ళీ నొక్కాడు. చెయ్యి జారిపోయింది.

ముందే రాసుకున్న కథ ప్రకారం ఆ తరువాత కోరమీసం శిష్యుడు తాడెక్కి బంగారుకొండ మీదికి దూకాలి, బంగారుకొండ పక్కకు దొర్లాలి. శిష్యుడు అప్పటికే తాడెక్కి ఉన్నాడు. దొర్లవలసినవాడికి స్పృహ లేదు. ఆ దెబ్బ తన వీపు మీద పడేలా కోరమీసం బావమరిది మీద బోర్లా పడుకుని కప్పేశాడు.

“ఒరేయ్, కళ్ళు తెరవరా. మీ అక్క నన్ను గుమ్మం ఎక్కనివ్వదు” అన్నాడు చెవిలో.

రిఫరీ చూశాడు. కిందివాడి భుజాలు రెండూ నేలకు ఆనాయి. పైన ఒకడున్నాడు. అలాంటప్పుడు మూడు లెక్కపెట్టాలి; అప్పటికీ భుజం లేవకపోతే పైవాడిదే గెలుపు. మామూలుగా రెండు దగ్గర బంగారుకొండ భుజం ఎత్తుతాడు. ఆ రోజు ఎత్తలేదు. “నన్నేం చెయ్యమంటారండీ? అలవాటు కొద్దీ నోరు దానంతటదే మూడు అనేసింది” అని రిఫరీ తరువాత విచారణలో చెప్పాడు.

బంగారుకొండకు ఆసుపత్రిలో మర్నాడు పొద్దున తెలివొచ్చింది.

“బావా, గెలిచానా?”

“లేదురా.”

“మరెవరు?”

కోరమీసం మందుసీసా మీది చీటీ చదవసాగాడు.

“చెప్పండి, మీ ఘనకార్యం వాడికీ తెలియాలిగా” అంది భార్య. తమ్ముడి తలగడ సర్దుతూనే, “ఇన్నేళ్ళూ బుద్ధిగా ఓడిపోయారు. ఉద్యోగం చేతికొచ్చేదాకా ఆగలేకపోయారా?” అని అడిగింది.

“అక్కా, బావ లేకపోతే నా మెడ విరిగేది.”

“నువ్వు ఊరుకో. మెడ ఎలాగూ ఉందిగా.”

సోమవారం ప్రేక్షకులు సంస్థకు మహజరు ఇచ్చారు. సంతకాలు చేసినవారిలో ఒక జడ్జీ, ఇద్దరు లెక్చరర్లు, ఒక ఎన్నికల అధికారి ఉన్నారు. “మాకు తెలియజేయకుండా అసలు కుస్తీ చూపించి మోసం చేశారు. బయట ఎవరు గెలుస్తున్నారో రోజూ చూస్తూనే ఉన్నాం. మంచివాడు గెలవడం చూడటానికే ఇక్కడికి వస్తున్నాం” అన్నది అందులోని సారాంశం.

సంస్థ ఆ రోజే విచారణ సంఘాన్ని వేసింది. అధ్యక్షుడు ప్రసంగించాడు. “మన సంస్థ పుట్టిననాటి నుంచి ఫలితం ముందుగా తెలియని పోటీ ఒక్కటి కూడా జరగలేదు. ఎందరో త్యాగధనులు ఓడి నిలబెట్టిన చరిత్ర ఇది. దానికి మచ్చ పడింది” అన్నాడు. గెలుపు ఉద్దేశపూర్వకం కాదనీ, అయినా గెలుపు గనుక శిక్ష తప్పదనీ సంఘం తేల్చింది. ముద్దాయి బహిరంగంగా క్షమాపణ చెప్పి, మళ్ళీ ఓడిపోవాలి.

“మరి మాస్టారు ఉద్యోగం సంగతండీ?” అన్నాడు కోరమీసం.

“ముందు ఓడిపోవయ్యా. తరువాత చూద్దాం.”

మర్నాడే ప్రత్యేకంగా పెట్టిన పోటీకి బంగారుకొండను ఆసుపత్రి నుంచి తెచ్చారు. తలకట్టు కనబడకుండా కిరీటం పెట్టారు. ఎవరూ అతన్ని ముట్టుకోకూడదని డాక్టరు ఆజ్ఞ. కోరమీసం మైకు ముందు నిలబడి, “గెలిచినందుకు సిగ్గుపడుతున్నాను” అని చదివాడు. ముందు వరసలో కళ్ళు తుడుచుకున్నారు. బంగారుకొండ చెయ్యెత్తాడు. ఆ చెయ్యి మూరెడు దూరంలో ఉండగానే కోరమీసం ఎగిరి తాళ్ళ అవతల పడ్డాడు. మోకాలు బెణికింది. కుస్తీ అంటే ఇదీ అని లెక్చరర్లు లేచి నిలబడ్డారు.

బుధవారం మాస్టారు ఉద్యోగానికి ఉత్తర్వు వెలువడింది. పడటం నేర్పేవాడికి నిజంగా పడిన అనుభవం ఉండాలనీ, సంస్థలో అటువంటివాడు బంగారుకొండ ఒక్కడేననీ అందులో ఉంది.

బంగారుకొండ అధ్యక్షుడి గదికి పరుగెత్తాడు. “నాకు పడటం రాదండీ. ఆ పని బావదే.”

“రాకపోబట్టే కదయ్యా నిజంగా పడ్డావు!” అన్నాడు అధ్యక్షుడు. ఇక జన్మలో బరిలోకి దిగకూడదని డాక్టరు చెప్పి ఉన్నందువల్ల బంగారుకొండ చేరక తప్పలేదు. ఖాళీ అయిన మంచివాడి స్థానం శిష్యుడికి ఇచ్చారు. దుర్మార్గుడి స్థానంలో మార్పు లేదు.

“నెలకోసారైనా సెలవివ్వమని అడగండి” అంది భార్య, మోకాలికి కట్టు బిగిస్తూ.

“అడిగానే. చూద్దామన్నారు.”

తరువాతి శనివారం కోరమీసం కుంటుతూ బరిలోకి దిగాడు. ఆ కుంటడం ఎంత సహజంగా ఉందో అని జనం ఈలలు వేశారు. హాలు నిండిపోయింది. టిక్కెట్లు దొరకక వెనుదిరిగినవారి సౌకర్యార్థం, ఆయన్ని ఇకమీదట ఆదివారాలు కూడా ఓడించడానికి సంస్థ ఏర్పాట్లు చేసింది.