తుప్పు పట్టాల్సిన గోడ

ఆ శనివారం ఉదయం నోలీన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఊరి హాలు ముందున్న ఇనప గోడ మీద మాగ్‌పై పిట్టలు వేసిన రెట్టను తడిగుడ్డతో తుడిచి, ఇంటికెళ్ళి మర్నాటి సభకు కేకు చేసుకోవాలి.

యూకలిప్టస్ జాతి గమ్ చెట్టు ఆకుల్లా చిల్లులు కోసిన ఆ గోడ ఎర్రమట్టి రంగులో నిండుగా తుప్పు పట్టి ఉంటుంది. కావాలని పట్టించిన తుప్పది. పైన ఆ పొర ఉన్నంతకాలం లోపలి ఇనుముకు ఢోకా లేదు. పద్దెనిమిది నెలలు ఎండకూ వానకూ వదిలేస్తే గానీ ఆ రంగు రాలేదు.

గోడ కట్టించింది క్లెమ్ హారిగన్ కోసం. నాలుగేళ్ళ కిందట బుల్లారిక్ కొండ మీదనుంచి కార్చిచ్చు దిగినప్పుడు, మంటకూ నోలీన్ ఇంటికీ మధ్య ఫైరింజను అడ్డం పెట్టి కదలనని కూర్చున్న మనిషి ఆయన. కృతజ్ఞత చెప్పబోతే చాలు, వానల సంగతెత్తి జారుకుంటాడు. అందుకే రేపటి సభ ఆయన కోసమేనని చెప్పకుండా ఊరంతా గుట్టుగా ఉంది. ఆయన పేరున్న పలక దుప్పటి చుట్టుకుని నోలీన్ మంచం కింద పడుకుని ఉంది.

హాలు దగ్గరికి వెళ్ళేసరికి గ్రైండర్ మోత. సగం గోడ కొత్త స్టీలు కంచంలా మెరుస్తోంది. దాని ముందు చెమటలు కక్కుతూ క్లెమ్.

"రేపేదో సభట కదా, ఈ తుప్పు చూస్తే జనం ఏమనుకుంటారు? మధ్యాహ్నానికి రంగు కూడా కొట్టేస్తాలే. థాంక్సులూ గీంక్సులూ చెప్పకు."

చెప్పే ఉద్దేశం ఆ క్షణాన నోలీన్‌కు బొత్తిగా లేదు. నిజం చెబితే గుట్టు పోతుంది, ఊరుకుంటే గోడ పోతుంది. రంగు పని తన వంతని అబద్ధమాడి ఆయన్ని ఇంటికి తోలేసింది.

గోడ చేసిన శిల్పికి ఫోన్ చేసింది. అతను ఉపాయం చెప్పాడు. వెనిగరూ, మందుల షాపులో దొరికే పెరాక్సైడూ, కాస్త ఉప్పూ కలిపి ఎండలో చల్లాలి, ఆరాక మళ్ళీ చల్లాలి. సాయంత్రానికి రంగొస్తుంది. చివర్లో మాత్రం ఉప్పంతా పోయేలా బోలెడు నీళ్ళతో కడగాలి, లేకపోతే ఇనుమును తినేస్తుంది. హాలు తొట్టిలో చూస్తే అడుగున జానెడు నీళ్ళే ఉన్నాయి.

కొట్లో ఉన్న వెనిగర్ సీసాలన్నీ కొనేసింది. ఎందుకమ్మా ఇన్ని అని కొట్టావిడ ఆరా తీస్తే, రేపటికి బీట్‌రూట్ ఊరగాయ పెడుతున్నానంది. అరగంటలో ఆ మాట ఊరు చుట్టొచ్చింది. గంటలో క్లెమ్ తన తోటలోని బీట్‌రూట్ రెండు బస్తాలు హాలు వెనక మెట్ల మీద దించి, మళ్ళీ థాంక్సు తప్పించుకుని వెళ్ళిపోయాడు.

ఎండకు కాలిన ఇనుము మీద మందు పడగానే బుసబుసా పొంగి తెల్లటి ఆవిరి లేచింది. నాలుగుసార్లు చల్లేసరికి గోడ పసుపు తిరిగి, ఆపైన ఎర్రబడింది. నోలీన్‌కు ప్రాణం లేచొచ్చింది. అంతలో దారినపోయే వాళ్ళెవరో ఆ ఆవిరి చూసి ఫైరింజనుకు ఫోన్ చేశారు. నడిపేది ఎవరో వేరే చెప్పాలా?

"నోలీన్, పక్కకి జరుగు."

"అది మంట కాదు క్లెమ్..."

మాట పూర్తయ్యేలోపే పైపు విప్పాడు. గోడను ముందూ వెనకా, చిల్లుల్లోంచి కూడా, రెండువేల లీటర్లతో కడిగాడు. నోలీన్‌నూ కడిగాడు. ఆపాక గాలి వాసన చూసి, ఊరగాయ ఆరుబయట పెడతారని ఇప్పుడే తెలిసిందన్నాడు.

ఎండ వాలేసరికి గోడ ఆరింది. ఈ కొసనుంచి ఆ కొసదాకా మచ్చలేని ఎరుపు. మర్నాడు శిల్పి వచ్చి వేలితో రాసి చూసి, ఉప్పు ఆనవాలు లేకుండా ఇంత బాగా ఎవరు కడిగారని అడిగాడు.

పలక బిగించాక క్లెమ్ తన పేరు రెండుసార్లు చదువుకున్నాడు. వెనక ఊరంతా నిలబడి ఉంది, జారుకోవడానికి దారి లేదు. నోలీన్ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది.

"నేను రోజూ పొద్దున్నే టీ తాగే ఆ వంటిల్లు నువ్వు మిగిల్చిందే క్లెమ్. నాలుగేళ్ళుగా చెప్పనివ్వట్లేదు. ఇవాళ ఒక్కసారి విను."

ఆయన టోపీ తీసి విన్నాడు. కళ్ళు తుడుచుకుని గోడవంక చూశాడు.

"ముందే చెప్తే గోకేవాణ్ణి కాదుగా," అని గొణిగి, మాట మార్చడానికి బల్లల వైపు తిరిగాడు. "ఇంతకీ ఊరగాయ ఏదీ?"

ఊళ్ళో ఉన్న వెనిగరంతా నిన్న ఆయనే కడిగిపారేశాడు.