మా గొయ్యి మాకిచ్చేయండి

రోడ్లన్నిటిలోకీ క్షేమమైన రోడ్డు ఏదయ్యా అంటే, తవ్విపోసిన రోడ్డు. ఈ మాట నేను తమాషాకి అనటం లేదు. బాగా ఆలోచించి, చెప్పుల్లోంచి మట్టి దులుపుకుని మరీ అంటున్నాను.

మా వీధిలో నీళ్ళ పైపులు పాతబడ్డాయి, కొత్తవి వేస్తాం, పనిలో పనిగా వీధి చివరి జంక్షన్‌ని ప్రమాదాలు లేని జంక్షన్‌గా తీర్చిదిద్దుతాం అని ఒక పొద్దున మిషన్లు తెచ్చి తవ్వటం మొదలుపెట్టారు. వీధివాళ్ళంతా తిట్టుకున్నారు. నేనూ తిట్టుకున్నాను. ఎంత అజ్ఞానం! గుమ్మం ముందు నడుము లోతు గొయ్యి ఉండటంలోని సుఖం అనుభవించినవాడికి తప్ప తెలియదు.

అన్నిటికన్నా ముందు, చుట్టాలు రారు. మా తోడల్లుడు పెళ్ళాం పిల్లలతో కారేసుకుని వచ్చి, గొయ్యికి అవతల ఆగి, మా గుమ్మం వైపు చేయి ఊపి, ఆ చేత్తోనే స్టీరింగ్ తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆయన వచ్చి వెళ్ళేదాకా మేమిద్దరం వాదించుకోకుండా గడిచింది అదొక్కసారే. ఎందుకంటే ఆయన మా ఇంట్లోకే రాలేదు.

ఇక ఆరోగ్యం సంగతి చూడండి. ప్రతి గుమ్మానికీ గొయ్యి మీదుగా ఒక చెక్క వేశారు. అది సరిగ్గా మధ్యలో ఊగుతుంది. ఒంటికాలి మీద నిలబడటం ఎదురింటి యోగా మాస్టారు ఏళ్ళ తరబడి నేర్పినా మా ఆవిడకి పట్టుబడలేదు. కూరల సంచీతో ఆ చెక్క దాటటం మొదలుపెట్టిన వారానికల్లా వచ్చేసింది! మాస్టారు మాత్రం గొయ్యిలో పడ్డారు. పడటం పద్మాసనంలోనే పడ్డారని చూసినవాళ్ళు ఇప్పటికీ మెచ్చుకుంటారు.

సమానత్వం అంటారే, అదీ మా వీధికి గొయ్యితోనే వచ్చింది. ఏ ఇల్లు ఏ రంగో తెలియకుండా అన్నిటి మీదా ఒకే ధూళి. మేడా పెద్ద కారూ ఉన్న డాక్టరుగారూ, ఆయన దగ్గర పనిచేసే కాంపౌండరూ ఒకే చెక్క మీద ఎదురుపడి, ఎవరు వెనక్కి నడవాలో తేలక, చాలాసేపు ఒకరినొకరు కుశలం అడుక్కున్నారు. అంతకుముందు వాళ్ళిద్దరూ మందుల గురించి తప్ప మాట్లాడుకోలేదట.

తవ్వేవాళ్ళ పద్ధతి కూడా ముచ్చటైనది. నీళ్ళ పైపులవాళ్ళు తవ్వి, పైపు దించి, పూడ్చి, చదును చేసి వెళ్ళారు. ఆ మట్టి సర్దుకోకముందే మురుగు పైపులవాళ్ళు వచ్చి అక్కడే తవ్వారు. వాళ్ళు పూడ్చగానే కేబుల్‌వాళ్ళు. అందరూ కలిసి ఒకేసారి తవ్వుకోవచ్చు కదా అని ఒక మేస్త్రీని అడిగాను. అతను నన్ను జాలిగా చూశాడు.

"వాళ్ళ గోతిలో మేమెలా దిగుతాం సార్? ఎవరి గొయ్యి వాళ్ళదే."

ఆత్మగౌరవం అంటే అదీ!

ఇవన్నీ చిల్లర లాభాలు. అసలు లాభం పొందింది మా అత్తగారు. ఆవిడ మాతోనే ఉంటారు. ఆవిడ చెల్లెలు, అంటే మా చిన్నత్తగారు, జంక్షన్‌కి అవతలి మూల మేడ మీద ఉంటారు. మా బాల్కనీలో నిలబడితే ఆవిడ బాల్కనీ కనిపిస్తుంది. మధ్యలో నాలుగు వైపుల నుంచీ బస్సులూ లారీలూ బైకులూ దూసుకొస్తుంటాయి. ఈవిడ చేతిలో కర్ర, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఏళ్ళ తరబడి అక్కాచెల్లెళ్ళిద్దరూ చెరో బాల్కనీలో నిలబడి, ఒకరినొకరు చూసుకుంటూ, ఫోన్‌లో మాట్లాడుకునేవారు. "కొత్త కళ్ళజోడా? ఏదీ, ఇటు తిరుగు" అని ఈవిడ అంటే అక్కడ ఆవిడ అటూ ఇటూ తిరిగి చూపించేది. నేను కారులో దింపుతానంటే అత్తగారు వద్దనేవారు. నా డ్రైవింగ్ ఆవిడ చూశారు.

గొయ్యి పాక్కుంటూ జంక్షన్ దాకా వచ్చింది. బళ్ళన్నీ ఆగిపోయాయి. ఆ సాయంత్రం అత్తగారు కర్ర పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, నడిరోడ్డు మీదుగా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. మర్నాడు చెల్లెలే ఎదురొచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చినట్టున్నారు. జంక్షన్ నట్టనడుమ, ఇనప అడ్డాల పక్కన, రెండు కుర్చీలు వెలిశాయి. రోజూ సాయంత్రం అక్కడ కూర్చుని బఠాణీలు వలిచేవారు.

పని జరిగే చోట టోపీ లేకుండా ఉండకూడదని మేస్త్రీ ఇద్దరికీ పసుపు హెల్మెట్లు ఇచ్చాడు. లారీలు తిరిగే చోట హెల్మెట్లు పెట్టుకుని బఠాణీలు వలుచుకునే ముసలమ్మల్ని మీరెక్కడైనా చూశారా? ఏ ప్రభుత్వం కల్పించగలదు ఇంతటి భద్రత? మిషన్ నడిపే అతను కూడా వాళ్ళ కుర్చీలు తగలకుండా చుట్టూ తవ్వాడు. పైపు అక్కడ కాస్త వంకర పోయిందని విన్నాను. పోతే పోయింది.

మంచి రోజులు ఎక్కువకాలం ఉండవు. పని పూర్తి చేసేశారు.

గొయ్యి పూడ్చి, నల్లటి రోడ్డు వేశారు. అద్దంలో చూసుకున్నట్టు మొహం చూసుకోవచ్చు, మీదకి బండి రాకపోతే. జీబ్రా గీతలు గీశారు. రంగు దీపాలు పెట్టారు. నాలుగు మూలలా స్తంభాలు పాతి, వాటికి ఒక్కో బటన్ బిగించారు. బటన్ నొక్కితే బళ్ళకి ఎర్ర దీపం వెలుగుతుంది, అప్పుడు నింపాదిగా దాటచ్చు అని బోర్డు కూడా పెట్టారు. గతుకులు పోయినందుకు బళ్ళవాళ్ళు పండగ చేసుకున్నారు. ఇదివరకు దూసుకొచ్చేవి, ఇప్పుడు ఎగిరొస్తున్నాయి.

అత్తగారు వెళ్ళి బటన్ నొక్కారు. ఏ దీపమూ మారలేదు. అవతలి మూల చెల్లెలు నొక్కింది. అక్కడా అంతే. ఇద్దరూ ఫోన్లు తీశారు.

"నువ్వు నొక్కావా?"

"నొక్కానక్కా. ఇద్దరం ఒకేసారి నొక్కాలేమో."

ఒకేసారి నొక్కారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు నొక్కారు. వేలు నొప్పి పుట్టి ఇంటికొచ్చారు.

నేను రోడ్ల ఇంజనీరు దగ్గరికి వెళ్ళాను. ఆయన చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"స్తంభం నుంచి దీపాల పెట్టె దాకా రోడ్డు కింద ఒక వైరు ఉండాలండీ. అది వేయటం మర్చిపోయారు."

"ఇప్పుడు వేయించండి."

"వేయించాలంటే తవ్వాలి కదండీ. కొత్త రోడ్డు. పైపు పగిలితే తప్ప తవ్వకూడదని రూలు."

నాకు కోపం వచ్చింది. ఇంతసేపూ నవ్వుతూ చెప్పుకొచ్చాను గానీ, ఇది నిజం కోపం. అదే రోడ్డుని ఇంతమంది వంతులు వేసుకుని తవ్వారే, ఆ గోతుల్లో ఏ ఒక్కదాంట్లోనూ చిటికెన వేలంత వైరుకి చోటు లేకపోయిందా? ఇద్దరు ముసలివాళ్ళని రోడ్డు దాటించటానికి కాకపోతే ఆ స్తంభాలు దేనికి, కాకులు వాలటానికా?

ఇప్పుడు మళ్ళీ చెరో బాల్కనీ. చిన్నత్తగారు ఈమధ్య ఎక్కువసేపు నిలబడలేక త్వరగా లోపలికి వెళ్ళిపోతున్నారు. మా అత్తగారు ఫోన్ పట్టుకుని ఖాళీ బాల్కనీ వైపు చూస్తూ ఉండిపోతున్నారు.

నిన్న సాయంత్రం జంక్షన్ దగ్గర, జీబ్రా గీతల పక్కన, అరచేయంత తడి కనిపించింది. ఎండకి ఆరటం లేదు. వంగి చూస్తే మధ్యలోంచి నీళ్ళు సన్నగా ఊరుతున్నాయి. కుర్చీల కోసం పైపు వంకర పోయింది ఇటువైపే అయ్యుండాలి. బాధ్యత గల పౌరుణ్ణి కదా, నీళ్ళ ఆఫీసుకి చెబుదామని ఫోన్ తీశాను. నాతో పాటు వచ్చిన అత్తగారు నా చేయి పట్టుకున్నారు.

"ఇప్పుడే చెప్పకు బాబూ. ఇంత చిన్నదైతే పైపైన అతుకేసి పోతారు. కాస్త పెద్దదవనీ."

ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను. ఇది చదివేవాళ్ళలో నీళ్ళ ఆఫీసువాళ్ళు ఎవరైనా ఉంటే ఒక చిన్న మనవి. ఒక వారం ఆగి రండి. వచ్చేటప్పుడు కాస్త వైరు తెచ్చుకోండి.